చెట్ల కొలఁతకు వచ్చిన క్రొత్త కండ్లద్దములు

కొలుచువాఁ డొకఁడును, కొలఁతవలన లాభనష్టములఁ బొందువాఁడు వేఱొకఁడును అయినచోట చిన్న పొరపాటు సయితము పెద్ద యన్యాయముగాఁ బరిణమించును. మన సీతంపేట కొండలలో నీ సంగతి యెవరికిని విడమఱచి చెప్ప నక్కఱలేదు. చింతపండును, కొండచీపుళ్లను, పసుపును సంతకు దించిన సవర, జాతాపు రైతులు కుంచము లోతెంతయో, త్రాసుముల్లు ఎటు మొగ్గినదో యెఱుఁగక తరతరములుగా నష్టపడిరి. దళారుల బారినుండి వారిఁ గాపాడుటకై 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. కొలఁత గణితమున కెంత చెందినదో ధర్మమునకు నంత చెందినది.

ఈ మాట యిప్పు డేల యనఁగా, చెట్లను గొలుచుట కొక క్రొత్త సాధనము లోకమున వ్యాపించుచున్నది. వర్చువల్ రియాలిటీ యని దానికిఁ బేరు. ఎదుట లేనిదానిని ఎదుటనే యున్నట్లు కంటికిఁ దోఁపఁజేయు విద్య యిది. బాలురు ఆటలకొఱకు ముఖమునకుఁ దగిలించుకొను వీఆర్ కండ్లద్దములే దీనికి సాధనములు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములలోఁ గలపకొఱకుఁ బెంచుచున్న పైను తోటలలోని మ్రాఁకులను, గదిలోఁ గూర్చుండియే, ఈ కండ్లద్దములతోఁ గొలిచి చూచుచున్నారు. ఈ విద్య మన కొండ లెక్కి వచ్చునాఁడు దాని నెట్లు స్వీకరింపవలయును, ఏ విషయమున జాగ్రత్తపడవలయును అనుదానిఁ గూర్చి నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును మనవి చేయుచున్నాను.

మొదట పాత పద్ధతిని స్మరింతము. 1856లో బర్మాదేశమునందలి పెగూ టేకు అడవులకు అధికారిగా వచ్చిన డీట్రిచ్ బ్రాండిస్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుఁడు ఏనుఁగు నెక్కి యడవిలోఁ బోవుచు, ఎడమచేత నాలుగు కఱ్ఱముక్కలను, కుడిచేతఁ జాకును బట్టుకొని, కంటఁబడిన ప్రతి టేకు మ్రానికిని, దాని లావును బట్టి, ఆయా కఱ్ఱపై నొక గంటు పెట్టెడివాఁడు. అడవిలో నెన్ని మ్రాఁకు లున్నవో, ఏఁటేఁట నెన్నిటిని నఱకవచ్చునో యా గంట్లను బట్టియే లెక్కవేసెను. 1864లో నాతఁడే హిందూదేశపు మొదటి అటవీ ఇన్‌స్పెక్టరు జనరలయ్యెను. నేఁడు మన దేశమున నటవీశాఖవారు నేలనుండి 1.37 మీటర్ల యెత్తున, అనఁగా మనుష్యుని రొమ్మెత్తున, మానుచుట్టును టేపు త్రిప్పి చుట్టుకొలఁత తీయుదురు. మ్రాని యెత్తును దూరమునుండి కోణమును జూచి గణింతురు. తోటలోని యన్ని చెట్లను గొలుచుట సాధ్యము కాదు గనుక, అక్కడక్కడ నమూనాగాఁ గొంత నేలను గుఱుతించి, దానిలోని చెట్లను గొలిచి, తక్కిన తోటను అంచనా వేయుదురు.

క్రొత్త పద్ధతి యిట్టిది. డ్రోనునకుఁ గాని, మనుష్యుని వీఁపునకుఁ గాని, మూఁడుకాళ్ల స్టాండునకుఁ గాని లేజరు యంత్రము నమర్చి తోటను జూపింతురు. అది సెకనునకు లక్షలకొలది కాంతిరేఖలను విడుచును. ఒక్కొక్క రేఖ ఆకునో, కొమ్మనో, నేలనో తాఁకి మరలివచ్చును. కాంతి సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పోయివచ్చిన కాలమును బట్టి తాఁకినచో టెంత దూరమున నున్నదో తెలియును. ఆ చోటు ఒక చుక్కగా నమోదగును. ముగ్గు చుక్కలవలె నిట్టి చుక్కలు కోట్లకొలదిగాఁ గూడి తోటయంతటికిని ఒక రూపమును గల్పించును. కండ్లద్దములు పెట్టుకొన్న మనుష్యుఁడు ఈ చుక్కల తోటలోఁ బ్రవేశించును. చెట్లు తమ నిజమైన యెత్తుతో నాతనిచుట్టును నిలిచియుండును. చేతిలోని మీటతో రొమ్మెత్తున మానునకొక వలయమును దొడిగినచో దాని వ్యాసము తెలియును. చిటారుకొమ్మను గుఱుతించినచో నెత్తు తెలియును. మాని వంకరను, చీలికను, కొమ్మల లావును ఒక్కొక్కటిగాఁ గుఱుతు పెట్టవచ్చును.

ఇంత చేసిన యంత్రము కొలఁతను గూడఁ దానే చేయరాదా యని విద్యార్థు లడుగవచ్చును. చేయుచునే యున్నది. కాని తీగ చుట్టుకొన్న మానును లావైన మానుగాను, ఒక్క మొదటినుండి చీలిన రెండు బోదెలను రెండు చెట్లుగాను, క్రింది పొదను చెట్టులోని భాగముగాను అది పొరఁబడుట కలదు. మనుష్యుని కన్ను ఇట్టివానిని ఱెప్పపాటున గ్రహించును. యంత్రపు లెక్కను సరిచూచుటకును, యంత్రమునకుఁ బాఠము నేర్పుటకును మనుష్యుని ఆ చుక్కల తోటలోనికిఁ బంపుచున్నారు. యంత్ర మెంత యెదిగినను తుదకు సాక్ష్యము కన్నునుండియే రావలసివచ్చుట గమనింపఁదగిన విషయము.

ఈ విద్యవలన మన కొండలకుఁ గలుగు మేలు తక్కువది కాదు. నిట్టనిలువుగా నున్న వాలులమీఁదఁ దోటలున్నవి. వానకాలమున రాళ్లు జాఱును, పొదలలోఁ బాములుండును, ఇటీవలి సంవత్సరములలో ఒడిసా అడవులనుండి వచ్చిన ఏనుఁగులు ఈ ప్రాంతమున సంచరించుచున్నవి. ఒక్కసారి లేజరుతోఁ జిత్రించిన తోటను మరల మరల కొండ యెక్కకయే చూడవచ్చును. అయిదేండ్ల తరువాతఁ దిరిగి చిత్రించినచో నే చెట్టెంత పెరిగినదో, ఏది గాలికిఁ గూలినదో రెండు చిత్రములను బ్రక్కప్రక్కనఁ బెట్టి పోల్చవచ్చును. చెట్టును నఱకకయే, మాని నడుము లా వెంతయో, కొననెంత సన్నగిల్లినదో తెలిసికొనవచ్చును. ఇది టేపుతో నగుపని కాదు.

అయినను దీని లోపములను సయితము చెప్పుట న్యాయము. ఆస్ట్రేలియా పైను తోట వరుసలు తీర్చినది. మానులు నిట్టనిలువుగాఁ బెరిగినవి. మన జీడిమామిడి నేలకు దగ్గఱగనే కొమ్మలు వేసి గొడుగువలె విరియును. ఏఁడాది పొడవునను ఆకుతో నుండును. పైనుండి వచ్చిన కాంతిరేఖలలోఁ బెక్కు ఆకులమీఁదనే యాఁగిపోఁగా మాను సరిగాఁ గనఁబడదు. టేకు వేసవిలో నాకు రాల్చును గనుక, దానిని అప్పుడు చిత్రించుట మేలు. గాలి వీచినచోఁ గొనకొమ్మల చుక్కలు చెదరును. లోపల డొల్లయైన మానునకును గట్టి మానునకును చుక్కలలో భేదము తెలియదు. అరకు లోయలో కాఫీకి నీడనిచ్చు సిల్వరు ఓకు మ్రాఁకులను మిరియపుఁదీగ పైదాఁక అల్లుకొనును; అక్కడఁ గొలిచినది మానో, తీగతోఁ గూడిన మానో యడుగక తప్పదు. ఈ కొండలలోఁ బుట్టి పెరిగినవాఁడు దగ్గఱ లేనిదే యిట్టి సందేహములు తీఱవు.

ఈ లోపములు చిన్నవే గదా యని కొందఱనవచ్చును. లెక్క వేసి చూతము. ఒక టేకు మాని చుట్టుకొలఁత 120 సెంటీమీటర్లు. దాని వ్యాసము 38.2 సెంటీమీటర్లగును. చుక్కలలో వలయమును దొడుగువాఁడు మూఁడు సెంటీమీటర్లు తగ్గించి 35.2 అని వ్రాసినాఁడనుకొందము. వ్యాసమునఁ దగ్గినది నూటికి ఎనిమిది పాళ్లు మాత్రమే. కాని కలప పరిమాణము వ్యాసముయొక్క వర్గమును బట్టి పెరుగును, తఱుగును. కావున కలపలోఁ దగ్గునది నూటికి 15 పాళ్లు. నూఱు చెట్లున్న రైతు పదునైదు చెట్ల కలపను ఒక్క మీట నొక్కుటతోఁ గోలుపోవును. కొలఁత హెచ్చినచో నష్టము కొన్నవానిది. ఎటుచూచినను మూఁడు సెంటీమీటర్లు, అనఁగా రెండు వ్రేళ్ల వెడల్పు, ఇంత పని చేయును.

యంత్రములు లేనినాఁడు సయితము కొలఁతసూత్రములలోఁ గొన్ని చిక్కులు దాఁగియుండెను. మన దేశమునఁ గలప వ్యవహారమునఁ బహుకాలముగా వాడుకలో నున్న చతుర్థాంశ సూత్రము నెత్తికొందము. చుట్టుకొలఁతలో నాలుగవవంతును వర్గము చేసి పొడవుతో హెచ్చించుటయే యా సూత్రము. 120 సెంటీమీటర్ల చుట్టుకొలఁత, 6 మీటర్ల పొడవు గల దుంగకు ఈ లెక్కచొప్పున 0.54 ఘనమీటరు వచ్చును. అదే దుంగ నిండు స్తంభమైనచో నిజమైన ఘనపరిమాణము సుమారు 0.69 ఘనమీటరు. అనఁగా నూటికి 21 పాళ్లకుఁ బైగా సూత్రములోనే విడువఁబడినవి. బెరడునకును, కోఁతలోఁ బోవు రద్దునకును మినహాయింపుగా దీనిని సమర్థింతురు. అది తెలిసి యొప్పుకొన్నవారికి నష్టము లేదు. తెలియనివానికి మాత్రము, ఈ సూత్రముతోఁ గొలిచి, బెరడునకని మరల కొంత కోయుదురు. అతఁ డొకే తఱుగును రెండుమాఱులు చెల్లించును. క్రొత్త కండ్లద్దములవెనుక నే సూత్రము పనిచేయుచున్నదో యడుగుట మన కందఱకును గర్తవ్యము.

ఇఁక చరిత్రను గొంచెము జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. అడవులను లెక్కించుట, హద్దులు వేయుట, రిజర్వు చేయుట అనునవి యొకదానివెంట నొకటి వచ్చినవి. 1882 మద్రాసు అటవీ చట్టము తరువాతఁ గొండవాసులు తరతరములుగాఁ బోడు చేసిన నేలలు, కట్టెలు కొట్టుకొన్న తావులు పలుచోట్ల నిషిద్ధములైనవి. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యమునఁ జెలరేఁగిన తిరుగుబాటునకు ఈ అటవీ నిర్బంధములును ఒక ముఖ్యకారణము. లెక్క వ్రాసినవాఁడు లెక్కపుస్తకమును దనయొద్దనే యుంచుకొనెను. అడవిలో బ్రదికినవానికి దానిలో నేమున్నదో తెలియలేదు. చెట్లను గొలుచుటయందుఁ దప్పులేదు. కొలఁత చీఁకటిలో జరుగుటయందే తప్పున్నది.

నేఁటి స్థితి కొంత మాఱినది. 2006 అటవీహక్కుల చట్టము కొండవాసుల హక్కులను గుర్తించుటలో గ్రామసభకు మొదటి స్థాన మిచ్చినది. పోడుకొండలు పెక్కు జీడితోటలైనవి. చెట్టునకుఁ గలప వెల, కాయ వెల యనునవి గాక మూఁడవ వెల యొకటి క్రొత్తగాఁ బుట్టినది. అది చెట్టు గాలినుండి తీసి తనలో దాఁచుకొన్న కార్బను వెల. ఎండిన కఱ్ఱ బరువులో సుమారు సగము కార్బను. అరకు లోయలో నాంది ఫౌండేషనును, లైవ్లీహుడ్స్ అను విదేశీయ నిధియుఁ గలిసి గిరిజన రైతుల భూములలో లక్షలకొలది చెట్లు నాటించినవి. ఫలసాయము రైతులది, కార్బను క్రెడిట్లు ఆ నిధికిఁ బెట్టుబడి పెట్టిన సంస్థలవి. ఇట్టి యేర్పాటులలోఁ జెట్టును నఱకరు, తూఁచరు. కొలఁతయే సరకు. కాఁబట్టి యా కొలఁతను నమ్మఁదగినదిగాఁ జేయుట కొన్నవానికెంత యవసరమో పెంచినవానికి నంత యవసరము.

ఇప్పుడు నా యభిప్రాయమును జెప్పెదను. వర్చువల్ రియాలిటీ యొక్క గొప్పతనము అది త్వరగాఁ గొలుచుటలో లేదు. ఒకసారి జరిగిన కొలఁతను ఇరుపక్షములవారును మరల కన్నులారఁ జూడఁగలుగుటయందే దాని గొప్పతనమున్నది. టేపు చుట్టి వ్రాసికొన్న యంకె తప్పని పెంచినవాఁడనినచో, నిరూపించుటకు మరల కొండ యెక్కవలెను. ఈలోపల చెట్టు నఱకఁబడియు నుండవచ్చును. చుక్కల తోట యట్లు కాదు. కొండ యెక్కలేని ముదుసలి సయితము తన యింటి యరుఁగుపైఁ గూర్చుండి, ఆ కండ్లద్దములు పెట్టుకొని, తాను నాటిన చెట్టుచెంతకుఁ బోయి, "ఇది రెండు చెట్లు కావు, ఒక్కటే, ఇక్కడఁ జుట్టుకొన్నది తీగ" యని చెప్పఁగలఁడు. ఇట్టి సాధనమును పట్టణములోని గదికే పరిమితము చేసి, అక్కడి యుద్యోగి కన్నును మాత్రమే సాక్షిగాఁ గొనుట దాని సుగుణమును వ్యర్థము చేయుటయగును. కావున నేనడుగునది యొక్కటి: ఆ కండ్లద్దములు చెట్టును బెంచినవాని ముఖమునకు మొదటఁ దొడుగుఁడు.

ఇది వ్యయముతోఁ గూడిన కోరిక యని యాక్షేపింతురేమో. కండ్లద్దముల వెల యొక మంచి ఫోను వెలకు దగ్గఱగనే యున్నది. మిక్కిలి ప్రియమైనది లేజరు యంత్రము. దానిని కొని తెచ్చినవారికి ఈ యధికవ్యయము లెక్కలోనిది కాదు. మఱి 2020 నుండి కొన్ని ఐఫోనులలోనే చిన్న లేజరు కొలమాన మమర్పఁబడి వచ్చుచున్నది. కొలఁది మీటర్ల దూరములోని మానును అదియుఁ గొలువఁగలదు.

చదువురాని రైతున కీ యంకె లేమి తెలియునని మఱికొంద ఱనవచ్చును. సవరభాషలో లెక్క పండ్రెండులమీఁదను, ఇరువదులమీఁదను నడచును. ముప్పదిరెండును ఇరువదియుఁ బండ్రెండునుగాఁ జెప్పుదురు. రెండు మూలములతో లెక్కించు నేర్పుగలవారికి సెంటీమీటర్లు తెలియవనుట హాస్యాస్పదము. 1936లో మంగేయి గొమాంగో సవరభాషకు సోరంగ్ సోంపెంగ్ అను లిపిని గల్పించినప్పుడు దానిలో నంకెలకును బ్రత్యేకరూపము లేర్పఱచెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటినుండియే వారి భాషను నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. తెలియఁజెప్పు మనస్సున్నచో భాష యడ్డము రాదు.

పై యభిప్రాయము కార్యరూపము దాల్చుటకు మూఁడు నియమములు చాలును. మొదటిది: కొలఁత ముగిసినది యనుటకు ముందు గ్రామసభ యెదుట ఆ చుక్కల తోటను జూపి, పెంచినవారి యాక్షేపణలను వ్రాసికొనవలెను. రెండవది: ప్రతి తోటలోను గొన్ని చెట్లను టేపుతోఁ గూడఁ గొలిచి, రెండు కొలఁతలకును గల భేదమును బహిరంగముగాఁ బ్రకటింపవలెను. మూఁడవది: ఆ చిత్రముయొక్క ప్రతియు, అంకెల పట్టికయు, ఉపయోగించిన సూత్రమును గ్రామసభయొద్ద నుండవలెను, వానిని తెలుఁగునను, సవరభాషను మాటలాడు తావుల సవరభాషలోను జదివి వినిపింపవలెను.

ఆకాశమునుండి కొలుచు సాధనములు వచ్చిన తరువాత నీ శ్రమయేల యనుకొనరాదు. 2025 జూలై 30వ తేదీన మన తెలుఁగునేలమీఁది శ్రీహరికోటనుండి నింగి కెగసిన నైసార్ ఉపగ్రహము, ఇస్రోయు అమెరికావారి నాసాయుఁ గలిసి నిర్మించినది, రేడియో తరంగములతో అడవుల మార్పులను గనిపెట్టుటకు ఉద్దేశింపఁబడినది. అయినను ఆకాశమునుండి వచ్చిన యంకె నిజమో కాదో తెలియవలెనన్న నేలమీఁది చెట్టును ఎవరో యొకరు కొలిచియుండవలెను. ఉపగ్రహమునకు డ్రోను సాక్షి. డ్రోనునకుఁ గన్ను సాక్షి. కన్నునకు టేపు సాక్షి. ఈ గొలుసులోఁ జివరి కొక్కెము మన చేతిలో నున్నది.

విద్యార్థులారా! ఆ కొక్కెమును బట్టుకొనుటకు మీకుఁ గావలసినది ఒక టేపు, ఒక కఱ్ఱ, ఒక నోటుపుస్తకము మాత్రమే. పాఠశాల యావరణలోని పది చెట్లకు సంఖ్యలు వేయుఁడు. ప్రతి సంవత్సరమును ఒకే మాసమున వాని చుట్టుకొలఁతను 1.37 మీటర్ల యెత్తునఁ దీయుఁడు. వాలునేలపై నున్న చెట్టును ఎగువవైపునుండి కొలువుఁడు. టేపు వంకరపోకుండునట్లు చూడుఁడు; మానుపైఁ దీగ యున్నచో దానిని ప్రక్కకు జరుపుఁడు. ఎత్తును దెలియుటకు, చాఁచిన చేతిలో కఱ్ఱను నిలువుగాఁ బట్టుకొనుఁడు; పిడికిలిపైఁ గఱ్ఱ పొడవు, కంటినుండి పిడికిలికి గల దూరమునకు సమానముగా నుండవలెను. పిడికిలి పైయంచు చెట్టు మొదటితోను, కఱ్ఱ కొన చెట్టు కొనతోను గలియువఱకు వెనుకకు నడువుఁడు. సమనేలపై మీరు నిలిచిన చోటినుండి చెట్టు మొదటి కెంత దూరమో చెట్టును అంత యెత్తు. మీరు తరగతిలోఁ జదువు సదృశత్రిభుజముల సిద్ధాంతమే యిది.

తలిదండ్రులకును నొక మాట. మీ బిడ్డ యింటికి టేపు తెచ్చి మీ జీడిచెట్టును, టేకుమానును గొలిచి వ్రాసికొనుచున్నచో దానిని ఆటగాఁ దలంపకుఁడు. ఏ కంపెనీవారో, ఏ నిధివారో డ్రోనుతో వచ్చి మీ తోటను గొలిచిననాఁడు, మీయింట పదేండ్ల లెక్క వ్రాసియున్న పుస్తకముండుట మీకు బలము. అంకెకు నంకెతోనే బదులు చెప్పవలెను. "నా కన్ను చెప్పుచున్నది" అనుమాట నిజమైనను కాగితముమీఁద నిలువదు.

క్రొత్త విద్యను జూచి భయపడుట యెంత తప్పో, దానికిఁ గన్నులప్పగించుట యంత తప్పు. వర్చువల్ రియాలిటీ మన కొండలకు రావలెననియే నేను గోరుచున్నాను. అది వచ్చునప్పటికి, చుక్కల తోటలోఁ బ్రవేశించి "ఇది మా చెట్టు, దీని చుట్టుకొలఁత మాకుఁ దెలియును" అని చెప్పఁగల బాలబాలికలు ప్రతి గూడెమునను నుండవలెను. ఆ పని రాఁబోవు జూన్ మాసమున బడి తెఱచిన మొదటివారముననే యారంభింపవచ్చును.